జాజుతో గీసిన కండ్లు

పోయినవారం మన సవరయ్యను వానల తడుస్తుండంగ, ఊడిన సైకిలు చైను చేతుల పట్టుకొని ఉండంగ, హాతీరాం తండా మలుపు కాడ ఇడిచిపెట్టి వచ్చినం. పాపం, మనం మళ్లొచ్చేదాక అక్కడ్నే నిలబడ్డడు. ఇయ్యాలన్న ఆ చైను ఎక్కించి ఆయనను తండాలకు తోలాలె.

మరిచిపోయినోళ్లకు, ఈ వారమే కొత్తగా చదవబట్టినోళ్లకు రెండు ముక్కలల్ల చెప్త. సవరయ్యది మలేరియా డిపార్టుమెంటుల కొలువు. దుమ్ముగూడెం రోడ్డు మీద చింతలగూడెంల కిరాయి ఇల్లు. భార్య సంపూర్ణ, బిడ్డలు లూర్దు, మరియ. ఊరూరా తిరిగి ఇండ్లల్ల గోడలకు దోమలమందు కొట్టించాలె, కొట్టిన ఇంటి గోడ మీద గుర్తు ఏయాలె, జ్వరమొచ్చినోళ్ల వేలు గుచ్చి నెత్తురుచుక్క అద్దంబిళ్ల మీద తీసుకోవాలె. ఇదీ ఆయన పని. నిన్న సాయంత్రం ఇన్‌స్పెక్టరు వెంకటప్పయ్య జీపుల వచ్చి, కూసోమంటే కూడ కూసోకుండ చెప్పిండు. హాతీరాం తండా కింది వరస ఇండ్లల్ల జ్వరాలు లేచినయంట. గోడల మీద మందు కొట్టినట్టు గుర్తులున్నయంట. మందు మాత్రం చుక్క కూడ పడలేదంట. కొట్టకుండ గుర్తు ఏసినోడు ఎవడో రేపు పొద్దుగూకేలోపు చెప్పకపోతే ఎవరి కొలువూ నిలవదని చెప్పి పోయిండు. సవరయ్యకు, తన కింద మందు పంపు కొట్టే లాలు మీద అనుమానం తగిలింది. తగిలినదాన్ని కడుపుల పెట్టుకోకుండ మొఖం మీదనే అన్నడు. లాలు ఒక్క మాట మాట్లాడకుండ తువాల భుజం మీదేసుకొని ఎల్లిపోయిండు. తెల్లారి తండాకు బయలెల్లిన సవరయ్యకు మలుపు కాడ సైకిలు చైను ఊడింది, కథ అక్కడ ఆగింది.

ఇగ చైను ఎక్కింది. సవరయ్య చేతులు గడ్డికి తుడుచుకొని సైకిలు తొక్కకుండ నడిపించుకుంట పోతున్నడు. బురద. అడుగు తీసి అడుగేస్తే చెప్పు ఎనకనే ఉండిపోతున్నది. మనిషి తండా దిక్కు నడుస్తున్నడు గని మనసు ఇంటికాడనే ఉన్నది. పొద్దున్నే బయలెల్లేటప్పుడు చిన్నది మరియ ఎదురొచ్చి, నాయినా ఇయ్యాల ఆదివారం కాదా, మమ్మల్ని ఎందుకు తీస్కపోవు అని అడిగింది. పనున్నది బిడ్డా అంటే, మేం పని చెయ్యమా ఏంది అని మూతి తిప్పుకున్నది.

చెయ్యరని ఎవరంటరు. ఆ రోజుల్ల ఆడుకునే బొమ్మలు కొనిచ్చేటోళ్లు ఎవరున్నరు చెప్పండి. ఏ ఇంట్ల పిల్లలకు ఆ ఇంటి పనే ఆట. కుమ్మరోళ్ల పిల్లలు మట్టి పిసికెటోళ్లు, దుకాణమోళ్ల పిల్లలు ఇసుక తూచెటోళ్లు. సవరయ్య బిడ్డలది మలేరియా ఆట. లూర్దుకు తొమ్మిదేండ్లు, మరియకు ఆరు. లూర్దు నాయిన ఖాకీ అంగీ తొడుక్కొని, మోకాళ్ల కిందికి జారుతుంటే చేతులు మడిచి, ఇన్‌స్పెక్టరు అయ్యేది. మరియ సైకిలు పంపుల నీళ్లు పోసుకొని కోళ్లగూటికి మందు కొట్టేది. ఇంట్ల సామాను బయట పెట్టుండ్రి, పిల్లల్ని బయటికి తోలుండ్రి అని కోళ్లకు దండోరా. సంపూర్ణ కట్టెపుల్ల పట్టుకొని ఎంటబడితే, దవాఖానోళ్లను కొట్టొద్దమ్మా, కేసయితది అని ఉరికెటోళ్లు. పగిలిన అద్దంబిళ్లలు దాచుకునెటోళ్లు. చేదుమాత్ర ముక్క నాలుకకు తగిలించుకొని ఎవరు మొఖం ముడవకుండ ఉంటరో చూసుకునెటోళ్లు. సాయంత్రం నాయిన ఇంటికి రాంగనే, ఆయన బట్టలకు అంటిన మందు వాసనను పట్టుకొని ఇద్దరూ మెడల పడెటోళ్లు. ఆ వాసన అంటే బయటోళ్లు ముక్కు మూసుకునెటోళ్లు. ఆ పిల్లలకు మాత్రం అది నాయిన వాసన. ఇయ్యాలటికీ ఎక్కడన్న అసొంటి వాసన తగిలితే లూర్దు ఆగిపోతదంటే నమ్ముండ్రి.

సవరయ్యకు ఒక బలహీనత ఉండేది. సెలవుదినాలల్ల పని పడితే బిడ్డలను సైకిలెక్కించుకొని పోయెటోడు, ఒకతె ముందు కడ్డీ మీద, ఒకతె ఎనక క్యారియరు మీద. లాలు పంపు కొడుతుంటే, ఎర్రమట్టి కలిపిన జాజు డబ్బా లూర్దు చేతికిచ్చి, బిడ్డా నువ్వు ఏయి గుర్తు అనెటోడు. గుర్తు అంటే ఏమీ లేదు, తలుపు పక్కన గోడ మీద జాజుతోని గుండ్రంగ ఒక సున్న, దాని కింద తారీకు. చిన్నది సున్న గీసేది, పెద్దది తారీకు రాసేది. సర్కారు పని పిల్లలతోని చేయించుడు తప్పని ఆయనకు తెల్వక కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు. గుండ్రంగ వస్తదో రాదోనని నాలుక పక్కకు పెట్టి మరియ సున్న గీస్తుంటే చూసుడు ఆయనకు పండుగ. లాలు కూడ పంపు పక్కన పెట్టి నవ్వుకుంట చూసెటోడు. మరియను భుజాల మీద ఎక్కించుకొని వాగు దాటించింది కూడ లాలునే.

ఆ లాలును పట్టుకొని నిన్న, మందు బస్తా ఎవలకు అమ్ముకున్నవురా అన్నడు సవరయ్య. ఇప్పుడు బురదల నడుస్తుంటే ఆ మాట ఆయనకే ఏదోలెక్క ఉన్నది. కాకపోతే ఎవలు? నెల కింద తండాల మందు కొట్టిన నాడు పైవరస అయ్యేసరికి వాన మొదలైంది. కింది వరస రేపు కొడదామని అందరూ ఇండ్లకు పోయిండ్రు. తెల్లారి సవరయ్యకు భద్రాచలంల మీటింగు. లాలు ఒక్కడే పోయిండు. సాయంత్రం, కింది వరస అయిందా లాలూ అంటే, అయింది సారూ అన్నడు. అదీ ఆయన తలకాయల తిరుగుతున్న లెక్క. ఎట్ల తిప్పినా లాలు మెడకే వచ్చి పడుతున్నది.

తండాల ఎప్పుడూ ఉండే లొల్లి లేదు. సవరయ్య సైకిలు గంట ఇంటేనే, సారొచ్చె సారొచ్చె అని ఎంటబడే పిల్లలు ఒక్కరు కూడ రాలేదు. నాయకు హాతీరాం తన ఇంటి ముందల మంచం మీద కూసొని ఉన్నడు. పలకరిస్తే తల ఊపిండు గని మంచం మీద జాగ చూపెట్టలేదు. తన పేరు మీద తండా ఉన్న మనిషి, ఇరవై ఇండ్లకు పెద్ద. సర్కారోళ్లు మందు కొడుతమని వస్తే ముందుగాల తన ఇంటి సామాను బయటేసి మిగతావాళ్లకు దారి చూపిన మనిషి. ఆయన అట్ల చూసుడు సవరయ్యకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

కింది వరసల మొదటి ఇల్లు దేవ్లాది. దేవ్లా పెండ్లానికి లాలు సొంత తమ్ముడు. వాళ్ల బిడ్డ కేళి, లూర్దుతోటే చదువుతది, ఒకటే బెంచి. ఎట్ల ఉరికే పిల్ల, గడప కాడ గొంగడి కప్పుకొని ముడుచుకొని ఉన్నది. పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. సవరయ్య నుదురు మీద చెయ్యేసి వెంటనే తీసుకున్నడు. వేలు గుచ్చి చుక్క తీసుకుంటే ఆ పిల్ల ఏడ్వను కూడ లేదు. మాత్రలు నీళ్లల్ల అరగదీసి పోసిండు, సగం కక్కుకున్నది, మళ్ల పోసిండు. సాయంత్రానికి జ్వరం దిగకపోయినా, పిల్ల మాటలు తేడాగ వచ్చినా భద్రాచలం పెద్దదవాఖానకు తీస్కపోవాలె, ఆలస్యం చెయ్యొద్దని దేవ్లాకు గట్టిగ చెప్పిండు. ఈ జ్వరం కొందరికి తలకెక్కుతది. అట్ల తలకెక్కిన పిల్లలను ఆయన చూసిండు.

దేవ్లా అంత ఇన్నడు. ఇని, తిట్టకుండ, కొట్టకుండ, ఒక్కటే మాట అడిగిండు.

"సారూ, మా గోడ మీద మీ గుర్తు ఉన్నది. ఉన్నది గదా అని మేం నిమ్మళంగ పండుకున్నం. అది ఎందుకేసిండ్రు సారూ?"

 ఏ గుర్తు చూపెట్టు అన్నడు సవరయ్య, ఏదో ఒకటి అనాలె గదా అని. దేవ్లా తలుపు పక్కకు చేయి చూపెట్టిండు.

నిలబడి చూస్తే గోడ మీద ఏమీ కనబడలేదు. మలేరియావాళ్లు గుర్తు ఏసేది మనిషి మొఖమంత ఎత్తుల. సవరయ్య చూపు అక్కడ ఎతుకుతున్నది. దేవ్లా కిందికి చూపెట్టిండు. నడుము కంటే కిందికి, గొంతుకూసుంటే గని అందనంత కింద, జాజుతో ఒక సున్న. సున్న కింద తారీకు, పలకమీద రాసినట్టు తీరుగ. ఆ సున్న లోపల పక్కపక్కన రెండు చుక్కలు.

గోడలకు చెవులుంటయని మనోళ్లు అంటరు. కండ్లుంటయని సవరయ్యకు ఆనాడే తెల్సింది. లోకంల ఏ మలేరియావాడూ సున్నకు కండ్లు పెట్టడు. పెట్టే మనిషి ఒక్కతె. రొట్టె పెనం మీద ఉండంగనే వేలు కాల్చుకొని దానికి కండ్లు పొడిచే పిల్ల. వాకిట్ల తల్లి ఏసిన ముగ్గుల సున్న కనబడితే దానికి కండ్లు, పిండిముద్దకు కండ్లు, నాయిన బట్టతల మీద నూనె రాస్తూ దానికీ కండ్లు. కండ్లు లేకపోతే దానికి దారెట్ల కనబడుతది అని అడిగే పిల్ల. ఇదివరకు సవరయ్య ఆ చుక్కలను తువాలతోని తుడిచి, ఇది సర్కారు సున్న బిడ్డా, దీనికి కండ్లు ఉండొద్దు అని ముద్దుగ చెప్పెటోడు.

పక్కింటికి పోయిండు. అక్కడా నడుము కిందనే. అక్కడా కండ్లు. దాని పక్కింటికీ. వరస చివరి ఇంటికాడ జాజు అయిపోవచ్చిందేమో, సున్న సగం గీత బొగ్గుతోని ఉన్నది. కండ్లు మాత్రం మరువలేదు.

సవరయ్య ఆ సున్న ముందల గొంతుకూసున్నడు. ఇప్పుడు తలకాయల లెక్క తిరిగి కొత్తగ కుదిరింది. లాలు ఆ తెల్లారి పంపు ఎత్తుకొని వచ్చిండు. గోడల మీద గుర్తులు చూసిండు. నాట్లకు పోయి ఇండ్లల్ల ఎవరూ లేరు, అడగడానికి దిక్కు లేదు. సున్నలకు కండ్లున్నయి. ఓహో, సారు మీటింగుకు పోయేముందు పొద్దున్నే బిడ్డలను ఎంటేసుకొని వచ్చి, ఇంకో పంపుతోని తనే కొట్టిపోయిండనుకున్నడు. నవ్వుకొని కూడ ఉంటడు. అందుకే, అయింది సారూ అన్నడు. అబద్ధం ఆడలేదు. మరి నిన్న, ఎవలకు అమ్ముకున్నవురా అన్నప్పుడు ఎందుకు నోరు తెరవలేదు? నీ బిడ్డల రాతనే సారూ అని ఒక్క ముక్క అంటే అయిపోయేది గదా. ఆ ముక్క అనకుండ తువాల భుజం మీదేసుకొని పోయిండు. ఎందుకు పోయిండో ఇప్పుడు తెల్వంగనే సవరయ్యకు సిగ్గుతోని చెవులు కాలినయి.

లాలు యాడున్నడని దేవ్లాను అడిగితే, తెల్లారగట్ల వచ్చి మేనకోడలి పక్కన చాలాసేపు కూసొని, ఎవరితోని మాట్లాడకుండ రోడ్డు దిక్కు నడిచిపోయిండని చెప్పిండు.

ఇంటికి ఎట్ల చేరిండో సవరయ్యకు యాదిలేదు. వాన తెరిపిచ్చింది. వాకిట్ల పిల్లలిద్దరూ బస్సు నడుపుతున్నరు. చేదబావి తాడు ముడేసి, దాని లోపల ఇద్దరూ నిలబడితే అదే బస్సు. ముందల మరియ డ్రైవరు, చేతుల చాట, అది స్టీరింగు. ఎనక లూర్దు కండక్టరు. నడుమల గంప కింద కోడి, అది పాసింజరు. భద్రాచలం, భద్రాచలం, పర్ణశాల దిగేటోళ్లు ముందుకు రావాలె అని కేకలు. మీద ఖాకీ అంగీ, ఆరేసింది ఆరకముందే తీసి తొడుక్కున్నది లూర్దు. ఇంకో రోజైతే ఆయన ఆ గడప కాడనే నిలబడి కడుపునిండ నవ్వుకునెటోడు.

మరియ నాయినను చూసి బ్రేకు ఏసింది. ఎక్కు నాయినా, సీటు ఖాళీగనే ఉన్నది అన్నది. సవరయ్య తడిబట్టలతోనే తాడు ఎత్తి లోపలికి వచ్చి కోడి పక్కన నేల మీద కూసున్నడు. ఎక్కడికి పోవాలె అని లూర్దు అడిగింది. హాతీరాం తండాకు అన్నడు ఆయన. ఆ మాటతోని లూర్దు మొఖంల కండక్టరు మాయమై తొమ్మిదేండ్ల పిల్ల మిగిలింది. మరియకు ఏమీ అర్థం కాలేదు, చాట తిప్పి బస్సు కదిలించింది.

కోపం తెచ్చుకుందామని దారి పొడుగూత అనుకుంటనే వచ్చిండు. రాలేదు. కోడి మీద చెయ్యేసి, నిమ్మళంగ, కేళి వాళ్ల గోడ మీద ఎవరు రాసిండ్రు బిడ్డా అని అడిగిండు.

"సున్న నేను గీసిన. తారీకు అక్క రాసింది," అన్నది మరియ గర్వంగ. "మంచిగ గుండ్రంగ వచ్చింది గదా?"

లూర్దు చెల్లెను గిచ్చింది. గిచ్చి, ఇగ దాచి లాభం లేదనుకున్నదేమో, తల దించుకొని మొత్తం చెప్పింది. ఆ పిల్ల చెప్పింది ఆ పిల్ల మాటలల్లనే చెప్తే పొద్దుపోతది, ఏడుపులు కలుస్తయి. నేను కుదించి చెప్త.

కిందటేడు మందు కొట్టినాంక కేళి పెంచుకున్న పిల్లి చచ్చిపోయింది. మందు గోడలను రాసుకుంట తిరిగి, ఒళ్లు నాక్కొని, కాళ్లు కొట్టుకొని చచ్చిపోయింది. తండాల పిల్లులన్నీ అట్లనే పోయినయి. ఆ తర్వాత ఎలుకలు పడి గింజలు మిగలలేదు. అది పెద్దోళ్ల బాధ. కేళి మాత్రం రెండు దినాలు అన్నం ముట్టలేదు. బడికొచ్చి బెంచి మీద తల పెట్టుకొని పండుకునేది. ఈ ఏడు ఎక్కడ్నుంచో ఒక పిల్లి వచ్చి దేవ్లా ఇంట్ల గింజల గుమ్మి చాటున పిల్లలు పెట్టింది. ఇంకా కండ్లు తెరవని పిల్లలు. పైవరస మందు కొట్టిన దినం కేళి వాగు దాటి ఉరికొచ్చింది. రేపు మా వరసకు కొడతరంట, నా పిల్లి చస్తది, దాని పిల్లలు చస్తయి అని లూర్దు చెయ్యి పట్టుకొని ఏడ్చింది. అప్పుడు లూర్దుకు తట్టింది. గుర్తున్న ఇంటికి మందోళ్లు రారు. ఆ సంగతి చింతలగూడెంల ఏ పిల్లకూ తెల్వదు, మలేరియా సవరయ్య బిడ్డకు తెల్సు. ఒక్క కేళి ఇంటికే గుర్తు ఉంటే అనుమానపడతరని వరస మొత్తం ఏసిండ్రు. తెల్లారి పెద్దోళ్లు నాట్లకు పోంగనే, బడికని బయలెల్లి, నాయిన సంచిల జాజు డబ్బా తీస్కపోయి ఏసిండ్రు. గుర్తుకు లాలు మామ మోసపోతడని కాదు, లాలు మామ మంచోడు, గుర్తు చూసి ఎల్లిపోతడని వాళ్ల నమ్మకం.

"నన్ను అడుగొద్దా బిడ్డా? పిల్లి ఉన్నదంటే తీసి బయట పెట్టించనా?" అన్నడు సవరయ్య.

"కిందటేడు చెప్పిన గద నాయినా," అన్నది లూర్దు. "పిల్లికేంది, ఇంకోటి వస్తది అన్నవు."

అన్నడు. అవ్, అన్నడు. ఏదో పనిల ఉండి, తల ఎత్తకుండనే అన్నడు. పెద్దోళ్లకు అటువంటి మాటలు రోజుకు వంద ఉంటయి, అన్నది అన్నకాడనే మరిచిపోతరు. పిల్లలు మూట కట్టుకొని పెట్టుకుంటరు.

పిల్లిపిల్లలు ఇప్పుడు ఎంత పెద్దగున్నయో తెల్సా నాయినా, ఒకటి తెల్లగున్నది, కేళి నాకిస్తనన్నది అని మరియ చెప్తున్నది. సవరయ్య ఇనలేకపోయిండు. కేళికి జ్వరం వచ్చింది బిడ్డా అన్నడు. చెప్పకూడదనుకున్నది నోట్లెకెల్లి జారింది.

లూర్దు తల ఎత్తింది. ఆ చూపును ఆయన ఈనాటికీ మరువలేదు.

"మందు కొట్టకపోతేనే జ్వరం వస్తదా నాయినా?"

ఏండ్ల తరబడి ఊరూరా దండోరా ఏసి ఆయన చెప్పింది ఆ ఒక్క మాటే. మందు కొట్టించుకోండ్రి, కొట్టించుకోకపోతే జ్వరం వస్తది. సామాను బయట పెట్టమంటే తిట్టినోళ్లకు చెప్పిండు, పిల్లులు చస్తున్నయని తలుపులేసుకున్నోళ్లకు చెప్పిండు, కాళ్లు పట్టుకొని చెప్పిండు. ఇప్పుడు సొంత బిడ్డ అదే అడుగుతున్నది. లూర్దును దగ్గరికి తీసుకొని ఖాకీ అంగీ మీది గుండీలు ఒక్కొక్కటే ఇప్పుతూ కూసున్నడు. ఆ పిల్లకు జవాబు అందింది. పిల్లలకు తండ్రి ఊకున్నా అర్థమయితది.

సంపూర్ణ ఎప్పటినుంచి ఇంటుందో, గడప కాడ నిలబడి ఉన్నది. పిల్లలను లోపలికి పొమ్మని, మొగుని కాడికి వచ్చి గొంతు తగ్గించి మాట్లాడింది. మొదలు మరియమాతను తలుచుకొని దండం పెట్టుకున్నది. తర్వాత చెప్పాల్సింది చెప్పింది. తండాల ఒక బిడ్డ జ్వరంతో పడి ఉంటే, ఇంకో బిడ్డ పేరు తీసుకపోయి అక్కడ పెడతావా అన్నది. కేళికి ఏమన్న అయితే, దేవుడు అట్ల చెయ్యొద్దుగని, అయితే, మన లూర్దు ఈ ఊర్ల తలెత్తుకొని తిరుగుతదా, బడికి పోతదా, అద్దంల మొఖం చూసుకుంటదా అన్నది. వాళ్లు చేసింది పాపం కాదు, అయినా పాపమని పేరు పెడతరు, ఆ పేరు పెండ్లయి పోయినాక కూడ ఎంట వస్తది అన్నది. కండ్లల్ల నీళ్లు లేవు. ఏడ్చి చెప్తే మొగుడు ఇనడని తెల్సిన మనిషి.

"మరి లాలు?" అన్నడు సవరయ్య.

 సంపూర్ణ చెడ్డది కాదు. లాలుకు ఎన్నిసార్లు సొంత తమ్మునికి పెట్టినట్టు అన్నం పెట్టిందో ఆ ఇంటి పీటకు తెల్సు.

"లాలు మొగోడు. ఈ కొలువు పోతే ఇంకోటి చూసుకుంటడు," అన్నది, మొఖం పక్కకు తిప్పుకొని.

ఆ మాట తప్పని ఆమెకూ తెల్సు. లాలుకు పోయేది కొలువు ఒక్కటే కాదు. కొట్టకుండ కొట్టినట్టు గుర్తు ఏసి, మందు అమ్ముకొని, సొంత మేనకోడలిని మంచాన పడేసినోడని సొంత తండాల పేరు పడుతది. హాతీరాం మంచం మీద జాగ ఉండదు, అక్క గడప తొక్కే మొఖం ఉండదు. ముందుకు పోతే బిడ్డ, ఎనకకు పోతే లాలు. సవరయ్య తలకాయ రెండు చేతులతోని పట్టుకున్నడు. సత్యం చెప్పాలెనని ప్రతి ఆదివారం చర్చిల మోకాళ్లేసి ఇనే మనిషే. ఇనుడు అల్కగ ఉంటది.

రోడ్డు మీద జీపు చప్పుడైంది.

వెంకటప్పయ్య మొదలు దిగిండు. ఎనక తలుపు తీసి లాలు దిగిండు. భుజం మీద తువాల లేదు, తల ఒంచుకొని నిలబడ్డడు. ఇన్‌స్పెక్టరు మొఖంల నిన్నటి చిరాకు లేదు. బరువు దిగినోని లెక్క ఉన్నడు. సవరయ్యా, నీ మీద అనుమానపడ్డందుకు ఏమనుకోకు, దొంగ దొరికిండు అన్నడు. తనంత తానే పొద్దున భద్రాచలం బస్సెక్కి ఇన్‌స్పెక్టరు ఇంటికే వచ్చి ఒప్పుకున్నడంట. మందు బస్తా పత్తి రైతుకు అమ్ముకున్న, గుర్తులు నేనే ఏసిన అని చెప్పిండంట. ఇప్పుడు తండాకు తీస్కపోయి నాయకు ముందల చెప్పిస్త, నువ్వు కూడ రా, నీ దగ్గర పనిచేసిన మనిషి గదా, అవునని నువ్వొక మాట చెప్తే పని అయిపోతది అన్నడు.

సంపూర్ణ తలుపు పట్టుకొని నిలబడిపోయింది. ఆమె కోరుకున్నదే అయింది. కోరుకున్నది గిట్ల నడిచి వాకిట్లకు వస్తదని ఆమె అనుకోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లాలు దిక్కు చూస్తున్నది.

సవరయ్య లాలు దిక్కు చూసిండు. లాలు తల ఎత్తలేదు. నిన్న తనను దొంగ అన్న మనిషి ముందల, దొంగ కాని మనిషి దొంగనని నిలబడి ఉన్నడు. సవరయ్యకు కాళ్ల మీద పడాలనిపించింది. నోరు తెరిచిండు. ఏం చెప్పబోయిండో ఆయనకే తెల్వదు. అవునని చెప్పబోయిండో, కాదని చెప్పబోయిండో, ఈనాటికీ ఆయన తేల్చుకోలేదు.

ఎందుకంటే లోపల్నుంచి లూర్దు వచ్చింది. అంగీ తీసేసింది, బడికి పోయే గౌను తొడుక్కున్నది, తల దువ్వుకున్నది. తల్లి చెయ్యి అడ్డం పెడితే దాని కిందికెల్లి వంగి వచ్చింది. తిన్నగ జీపు కాడికి పోయి, ఎక్కే మెట్టు మీద కాలు పెట్టి, ఇన్‌స్పెక్టరుతోని చెప్పింది.

"లాలు మామ కాదు సార్. నేను రాసిన. నన్ను కేళి కాడికి తీస్కపోండ్రి, వాళ్ల నాయినకు నేనే చెప్త."

వెంకటప్పయ్య ఆ పిల్లను చూసిండు, లాలును చూసిండు. మొఖంల ఉన్న నిమ్మళం పోయింది. మనిషి ఇసొంటి తిరకాసు కేసులు చానా చూసినోడు, ఒక తొమ్మిదేండ్ల పిల్ల ఉత్తగ అట్ల చెప్పదని తెల్సినోడు. సవరయ్య దిక్కు తిరిగిండు.

"ఈ ఇద్దరిల ఒకరు అబద్ధమాడుతున్నరు. ఎవరో నువ్వు చెప్పు సవరయ్యా. నువ్వు చెప్పిందే రాసుకుంట."

లూర్దు తండ్రి మొఖంలకే చూస్తున్నది, రెప్ప వాల్చకుండ. ఇన్‌స్పెక్టరు ఎనక, ఆయనకు కనబడకుండ, లాలు మొదటిసారి తల ఎత్తిండు. రెండు చేతులు జోడించి, వద్దు సారూ, చెప్పొద్దు అన్నట్టు, సవరయ్యకు దండం పెడుతున్నడు.